బోణి గిరాకి

మెట్‌పల్లి పాత బస్టాండు దగ్గర మా ఆయన సంపత్‌కు కిరాణా దుకాణం ఉంది. అద్దె దుకాణమే. కానీ ఇరవై ఏళ్లుగా అదే గల్లా పెట్టె, అదే త్రాసు, అదే మనిషి. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, అది ఊరందరికీ తెలుసు. పొద్దున వచ్చిన మొదటి గిరాకిని ఉత్త చేతులతో పంపడు.

బోణి గిరాకి ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేస్తాడు. అడిగింది దుకాణంలో లేకపోతే ఇంకేదైనా అంటగట్టి, ఒక్క రూపాయైనా కళ్లకద్దుకొని గల్లాలో వేసుకుంటే తప్ప ఆయనకు ఆ రోజు తెల్లారదు. ఒకసారి ఎవరో వచ్చి కుక్కర్ రబ్బరు అడిగారట. మా ఆయన అమ్మే సామానులో అది లేదు. అయితే ఏం? జర ఆగమని చెప్పి, ఇంటికి పరుగెత్తుకొచ్చి, మా కుక్కర్ మూతకున్న రబ్బరు ఊడదీసుకొని పోయి అమ్మాడు. నాకు ఆ సంగతి మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పెట్టినప్పుడు తెలిసింది. ఆ వారమంతా పప్పు గిన్నెలోనే ఉడికింది, పప్పుకంటే ముందు నేను ఉడికాను.

ఈ సంగతి తెలిసినవాళ్లు ఊరుకుంటారా? నూనె డబ్బా కావాలన్నా, చక్కెర బస్తా కావాలన్నా తెల్లవారకముందే వచ్చి షట్టర్ దగ్గర కాచుకొని కూర్చుంటారు. బోణి పేరు చెప్పి సగం ధరకు పట్టుకుపోతారు. నేను గొణిగితే, "గా గిరాకే రోజంత కలిసొచ్చేటట్టు జేస్తడే" అంటాడు. కలిసొచ్చింది ఎక్కడ దాచాడో నాకు ఇప్పటిదాకా కనబడలేదు.

దుకాణంతో సరిపోతే ఏదో ఒకటనుకొని సర్దుకుపోయేదాన్ని. ఆ జబ్బు మా ఇంటి అమ్మకం మీదికి కూడా వచ్చింది.

ఇల్లు ఎందుకు అమ్మాలనుకున్నామో చెప్తాను. నేను మగ్గం వర్క్ చేస్తాను. పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు, అద్దాలు కుట్టే పని. గుడ్డను బిగించి కట్టే కొయ్య చట్రాన్ని మగ్గం అంటాం. అది మంచమంత ఉంటుంది, మా హాలంతా అదే. దాని చుట్టూ పని నేర్చుకొనే ఆడపిల్లలు కూర్చుంటే మా ఆయన వంటింట్లో నిలబడి అన్నం తినాలి. పాపం, తింటాడు కూడా. పని బాగుంటుందని పేరొచ్చింది గానీ, మా ఇల్లు గల్లీలో గల్లీ. నిర్మల్ నుంచి పెళ్లికూతురిని కారులో తీసుకొచ్చినవాళ్లు మా మలుపులో ఇరుక్కుపోయారు. ముందుకు రాలేక, వెనక్కి పోలేక, డ్రైవరు నన్ను, నేను మునిసిపాలిటీని తిట్టుకున్నాం. చివరికి వాళ్లు జాకెట్టు ముక్కలతో సహా వెనక్కే పోయారు. ఆ రోజు అనుకున్నాను, ఎట్లాగైనా రోడ్డు మీద షట్టర్ ఉన్న ఇంటికి పోవాలని.

అట్లాంటి ఇల్లు దొరికింది. కోరుట్ల రోడ్డులో కరుణాకర్ సార్ తన ఇల్లు అమ్మి కరీంనగర్‌కు మారుతున్నాడు. వెనక ఇల్లు, ముందర రోడ్డుకు ఒక షట్టర్ గది. రెండూ కలిపి కొనగలిగితే కొనమన్నాడు. లేదంటే ఇల్లు మాకిచ్చి, షట్టర్ గదిని సెల్‌ఫోన్లు అమ్మే ఒకాయనకు వేరుగా ఇస్తానన్నాడు. మా లెక్క తేలికే. మా ఇల్లు నలభై నాలుగు లక్షలకు పోతే నా షట్టర్ నాకు వస్తుంది. అంతకు తగ్గితే ఇల్లు మాత్రం వస్తుంది, షట్టర్ పోతుంది. మళ్లీ మగ్గం హాల్లోకి, మా ఆయన వంటింట్లోకి.

నేను షట్టర్ మీద రాయించే పేరు కూడా అనుకొని పెట్టుకున్నాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా ఆయన నవ్వాడు. నవ్వినా, ఆ సాయంత్రమే దుకాణం మూలన పడున్న ఒక సబ్బు కంపెనీ రేకు బోర్డు తెచ్చాడు. దాని వెనకవైపు 'ఇల్లు అమ్మబడును' అని తన వంకర రాతతో రాసి గేటుకు తగిలించాడు. ముందువైపు సబ్బు రుద్దుకుంటూ నవ్వే అమ్మాయి అట్లాగే ఉంది. గాలికి బోర్డు తిరిగినప్పుడల్లా ఇల్లు పోయి అమ్మాయి వచ్చేది.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో పేడనీళ్లతో సాన్పు చల్లుతున్నాను. చీకటి పూర్తిగా విడవలేదు. ఎవరి కాళ్ల మీదో నీళ్లు పడ్డాయి. తలెత్తి చూస్తే సదానందం.

సదానందం మస్కట్‌లో చాలా ఏళ్లు క్రేన్ నడిపి వచ్చిన మనిషి. ఊళ్లో కిరాయింట్లో ఉంటాడు. మా ఆయన దుకాణానికి వారంలో నాలుగు రోజులు బోణి గిరాకి ఆయనే.

"ఏంది సదానందమన్నా, గింత పొద్దుగాల?"

"నిన్న బోర్డు సూసిన చెల్లె. నాకంటే ముందుగాల ఎవ్వలన్న వచ్చిన్రా?"

"ఇంకా కోడి గూడ కూయలే. ఎవ్వలొస్తరు?"

"అయితే బోణి నాదే," అని తడి కాళ్లతోనే లోపలికి నడిచాడు.

నేను చాయ్ పెట్టి తెచ్చేలోపు ఆయన ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చి కూర్చున్నాడు. "సంపతన్నా, గుండ్రంగ నలభై లక్షలు. బ్యాంకు లోను గీను ఏం లేదు, అంత రొక్కమే. గిదిగో బయానా," అని జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. బయానా అంటే బేరం కుదిరిందని చేతిలో పెట్టే మొదటి సొమ్ము. మా దగ్గర అది అందుకుంటే మాట ఇచ్చినట్టే. ఇక బ్రహ్మదేవుడు వచ్చి ఎక్కువ ఇస్తానన్నా వెనక్కి పోవడానికి లేదు.

మా ఆయన చేయి దానంతటదే లేచింది. ఇరవై ఏళ్ల అలవాటు కదా, మెదడును అడగదు. నేను గబగబా వెళ్లి ఆ చేతిలో చాయ్ గ్లాసు పెట్టాను. కాలింది కాబోలు, ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

"మాపటికి చెప్తం అన్నా," అన్నాను సదానందంతో. "ఇల్లు అమ్ముడంటే ఉప్పు పొట్లం అమ్ముడు గాదు గద."

సదానందం నవ్వుతూ లేచాడు. "మంచిదే చెల్లె, మాపటికే వస్త. గని సంపతన్నా, బోణి గిరాకిని ఉత్త చేతులతోటి పంపుతున్నవ్. యాది పెట్టుకో." గేటు దగ్గర బోర్డు తిరిగి సబ్బు అమ్మాయి ఆయన్ను చూసి నవ్వింది.

ఆయన మలుపు తిరగకముందే మా ఇంట్లో మొదలైంది.

"ఇంటికొచ్చిన లక్ష్మిని వాకిట్లకెల్లి పంపిస్తవా?" అన్నాడు మా ఆయన.

"లక్ష్మి అయితే మాపటికి మళ్ల వస్తది. మన ఇల్లు గామెకు ఎర్కయింది గద."

"నీకు నవ్వులాట లెక్కనే ఉంటది. మొదటోడు అక్కెర ఉండి వస్తడే. ఎనుక వచ్చేటోళ్లు ఇల్లు సూసి, చాయ్ తాగి, వాస్తు బాగలేదని పోతరు. ఆలస్యం అమృతం విషం."

"నాలుగు లక్షలు తగ్గించుకునే అమృతం నాకొద్దు. నలభై అంటే నా షట్టర్ పోతది. ఎర్కేనా నీకు?"

ఆయన చొక్కా వేసుకొని బయటికి పోయాడు. కిటికీలోంచి చూస్తే గల్లీ మలుపు దగ్గర ఫోను చెవికి పెట్టుకొని, చేతులూపుతూ చాలాసేపు మాట్లాడాడు. సదానందాన్ని వెనక్కి పిలుస్తున్నాడని పళ్లు నూరుకున్నాను. నా షట్టర్ కంటే ఈయనకు బోణి ఎక్కువైపోయిందని ఏడుపొచ్చినంత పనైంది.

ఎదురింటి భూమవ్వ అన్నీ విన్నది. ఆమెకు వినబడని మాట మా గల్లీలో పుట్టలేదు. కర్ర పట్టుకొని వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"మొదటి బేరం ఇయ్యాల్నా, ఇడువాల్నా అవ్వా?" అని అడిగాను.

"నేను ఒక బర్రెను మొదటోనికే ఇచ్చిన బిడ్డా. తెల్లారి ఇంకొకడొచ్చి రెండింతలు ఇస్తనన్నడు. కడుపు మండింది. ఇంకో బర్రెకు మొదటోన్ని పంపించి ఎదురుసూసిన. ఎవ్వడు రాలే. గప్పుడు గూడ కడుపు మండింది."

"అయితే ఏం జెయ్యమంటవ్?"

"ఏది జేసినా కడుపు మండుడే. ముందుగాల జర గా చాయ్ పొయ్యి."

చాయ్ పోసి, ఆమెకు దండం పెట్టి, ఆటో ఎక్కి కరుణాకర్ సార్ ఇంటికి పోయాను. షట్టర్ గదిని ఇంకోసారి చూసుకోవాలనిపించింది. మగ్గం ఎక్కడ పడుతుందో, అద్దం ఎక్కడ తగిలించాలో కళ్లతోనే కొలుచుకున్నాను. రోడ్డు మీద కారు ఆగితే, పెళ్లికూతురు దిగి నాలుగడుగులు వేస్తే నా గడప. అంతకంటే ఏం కావాలి?

అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఒక రాయి వేసి చూద్దామని, సార్ చెప్పిన దానికంటే రెండు లక్షలు తగ్గించి అడిగాను. ఆయన ఫ్యాను వైపు చూస్తూ, "సూద్దాం తియ్యమ్మా" అన్నాడు.

ఆ 'సూద్దాం'కి నా ఒళ్లు మండిపోయింది. కొనడానికి వచ్చిన మనిషిని ఇట్లా వేలాడదీస్తారా అనుకున్నాను. అనుకున్నాక పొద్దున్న నేను సదానందానికి చేసింది గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాను. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నేనిప్పుడు చెప్పిన రేటు నా ఆఖరి రేటా? కాదు. సార్ గట్టిగా నిలబడితే ఆ రెండు లక్షలూ ఇచ్చేదాన్నే. ఎవరైనా మొదటిసారే సంచి మొత్తం దులిపేస్తారా? సదానందమన్న మాత్రం ఎందుకు దులుపుతాడు? మస్కట్ నుంచి వచ్చిన మనిషి, నాకంటే నాలుగు బేరాలు ఎక్కువే చూసుంటాడు. నలభై అన్నాడంటే ఆ పైన ఇంకా ఉంది. ఆయన్ను కాదని పంపనక్కరలేదు, సరేనని తలూపనక్కరలేదు. నా రేటు నేను చెప్తే చాలు.

ఇంత తేలిక విషయం తెలుసుకోవడానికి ఆటో కిరాయి అయింది గానీ, పోతే పోయిందనుకున్నాను. లేచి వచ్చేస్తుంటే సార్ అన్నాడు, "అయినా నువ్వు బేరమెందుకు జేస్తవమ్మా? మీ ఆయన పొద్దుగాల్నే ఫోన్ జేసి అంత చెప్పిండు గద."

"ఏం చెప్పిండు సార్?"

"మీ ఇల్లు నలభైకే పోయేటట్టుందట. అయినా షట్టర్ మాత్రం ఎవ్వలకు ఇయ్యద్దన్నడు. దుకాణం ఇడిసిపెడుతున్నడట గద? సామాను, ర్యాకులు, గల్లాతో సహా హరీష్ అనేటాయనకు ఇస్తుండట. కొరవ పైసలు అట్ల సర్దుత అన్నడు. గా హరీష్ సోమవారం పొద్దుగాల వచ్చి ఎత్తుకపోతడట. మంచి మనిషమ్మా మీ ఆయన. 'మా ఇంటామెకు ఇప్పుడే చెప్పకు సార్' అని..." సార్ ఆగిపోయాడు. "అరె. నీకు చెప్పద్దన్నడు గద."

నాకు ముందు కోపం వచ్చింది. నన్నడక్కుండా దుకాణం ఇచ్చేస్తాడా అని. ఆ కోపం గేటు దాకా కూడా రాలేదు, ఏడుపు వచ్చేసింది. ఆ మనిషి భయం బోణి పోతుందని కాదు. సదానందం పోతే ఇంకెవరూ రారేమో, ఈలోపు సెల్‌ఫోన్లాయన షట్టర్ పట్టుకుపోతాడేమో, నేను మళ్లీ హాల్లోనే కూర్చోవాలేమో అని. అందుకే తక్కువకే ఇచ్చేసి, ఆ తక్కువను తన దుకాణంతో పూడుస్తానన్నాడు. ఆ గల్లా ముందు కూర్చోకపోతే ఆయన ఏం చేస్తాడు? నా మగ్గం పక్కన కూర్చొని సూదిలోకి దారం ఎక్కిస్తాడా? ఆయన చూపుకు దారం కాదు కదా, తాడు కూడా ఎక్కదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో మా ఆయన దుకాణం ముందు నుంచే వచ్చింది. ఎవరో ముసలామెకు బెల్లం తూకం వేస్తూ, తూకంలోకి రాని ముక్కొకటి నోట్లో వేసుకోమని ఆమెకు ఇస్తున్నాడు. నేను దిగలేదు. దిగితే అక్కడే తిట్టేదాన్ని, లేకపోతే అక్కడే ఏడ్చేదాన్ని. రెండిట్లో ఏదైనా బజారుకు తమాషా. ఇప్పుడు నా షట్టరూ రావాలి, ఆయన దుకాణమూ ఉండాలి. నలభై నాలుగుకు ఒక్క రూపాయి తగ్గితే రెండిట్లో ఒకటి పోతుంది.

సాయంత్రం సదానందం తన భార్య కోమలను కూడా తీసుకొచ్చాడు. అదే ఆయన చేసిన పొరపాటు. కోమల గడప దాటగానే వంటింట్లోకి పోయి నల్లా తిప్పి చూసింది. గోడను వేలితో కొట్టి చూసింది. "ఫ్రిజ్ గీడ పడ్తది. దేవుని పటాలు గీ మూలకు మంచిగుంటయ్" అంది. సదానందం గట్టిగా దగ్గాడు. ఆమె వినిపించుకోకుండా పెరట్లోకి పోయి, "మస్తు ఎల్తురుంది ఈడ" అని అరిచింది. ఆయన ఇంకా గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఆమె మనసులో అప్పుడే ఇంట్లో దిగిపోయింది.

"నలభై ఐదు అన్నా" అన్నాను.

"ఏంది చెల్లె, నేను పొద్దుగాల నలభై అంటే నువ్వు మాపటికి నలభై ఐదంటవ్? నడుమ ఎండకు పెరిగిందా?"

కోమల వచ్చి కూర్చుంది. ఆయన నలభై ఒకటి అన్నాడు, నలభై ఒకటిన్నర అన్నాడు. నేను నలభై నాలుగు దగ్గర ఆగాను. "గిదే ఆఖరి మాట. ఇంకో రూపాయి తగ్గ, ఇంకో రూపాయి పెంచ." మా ఆయన నా పక్కన కూర్చొని చేతులు నలుపుకుంటున్నాడు. సరేననెయ్యమని మోచేత్తో ఒకసారి పొడిచాడు కూడా.

"నా తాన గంత రొక్కం లేదు చెల్లె, ఒట్టు" అన్నాడు సదానందం.

"ఊరవతల ప్లాటు ఉన్నది గద, అమ్మరాదూ?" అంది కోమల.

"ఎన్ని దినాలసంది అమ్ముత అంటున్న, ఎవ్వడొస్తుండే?"

"బోర్డు పెట్టినవా అన్నా?" అని అడిగాను.

లేదన్నాడు. నేను లేచి గేటు దగ్గరకు పోయి బోర్డు విప్పుకొచ్చి ఆయన ముందు పెట్టాను. "గిది యాభై రూపాయలు. తీస్కో. 'ఇల్లు' తుడిసి 'ప్లాటు' అని రాసుకో. సోమవారం పొద్దుగాల దాక మా గేటుకు బోర్డు ఉండది, ఇంకో గిరాకికి ఇల్లు సూపియ్యం. మా మాట గది. నలభై నాలుగు తోటి వస్తే ఇల్లు నీది. రాకుంటే నీ తొవ్వ నీది, మా తొవ్వ మాది."

సదానందం బోర్డునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ముందుగా అర్థమైంది మా ఆయనకే. ముఖం వెలిగిపోయింది. "అన్నా, తీస్కో తీస్కో. యాభై గాకుంటే నలభై ఇయ్యి!" అన్నాడు. ఇంకేముంది, అప్పుడే తగ్గించేశాడు. నేను గుడ్లురిమితే నోరు మూసుకున్నాడు. సదానందం పగలబడి నవ్వి యాభై నోటు తీశాడు. మా ఆయన దాన్ని కళ్లకద్దుకొని జేబులో పెట్టుకున్నాడు. బోణి గిరాకి ఉత్త చేతులతో పోలేదు, చంకలో సబ్బు అమ్మాయిని పెట్టుకొని పోయాడు.

"మస్కట్‌ల షేకులతోటి బేరం జేసిన గని నీ అసొంటి చెల్లెను యాడ సూడలే" అని గల్లీ చివరిదాకా అంటూనే పోయాడు.

ఆ వారం ఎట్లా గడిచిందో చెప్తే నవ్వుతారు. బోర్డు లేకపోయినా భూమవ్వ ఉంది కదా, ఆమె నోరు పది బోర్డుల పెట్టు. ఒకాయన వచ్చి గేటు బయట నుంచే ముప్పై ఎనిమిది ఇస్తానన్నాడు. చూపించేది లేదని పంపించేశాం. పంపించాక మా ఆయన నా వైపు చూసిన చూపు ఉందే, సదానందం చెప్పిన నలభై ఆ చూపులో కనబడింది. నాకూ అదే భయం గానీ, మగ్గం ముందు కూర్చొని సూది పట్టుకున్నాను.

గురువారం సదానందం ఫోన్ చేశాడు. "సంపతన్నా, ప్లాటుకు బోణి గిరాకి వచ్చిండు. జర తక్కువకు అడుగుతుండు. ఏం జెయ్యమంటవ్? నీ లెక్క ఇచ్చెయ్యాల్నా?"

మా ఆయన ఫోనును చేత్తో మూశాడు. నా వైపు చూశాడు, గోడ మీది దేవుడి పటం వైపు చూశాడు. "కాదనకు, అవుననకు. నీ రేటు చెప్పి, మాపటికి రమ్మను" అన్నాడు. ఫోను పెట్టేసి రెండు చెంపలూ వేసుకున్నాడు.

ఆదివారం దాకా ఏ కబురూ లేదు. సోమవారం పొద్దున్నే ఆయన దుకాణానికి బయల్దేరుతుంటే నేనూ చెప్పులేసుకున్నాను.

"నువ్వెందుకే?" అన్నాడు కంగారుగా.

"ఉప్పు అయిపోయింది."

"నేను తెస్త గద."

"నాకు కొంచెం ఎక్కువ ఉప్పు కావాలె" అని నడిచాను. ఆయన నా వెనకే వచ్చాడు.

షట్టర్ లేపాడు. అగరుబత్తి వెలిగించబోతుంటే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒకతను దిగి, ర్యాకులను కింది నుంచి పైదాకా చూసి, "సంపతన్నా, మొత్తం ఎత్తుకపోవుడే గద?" అన్నాడు. హరీష్ అని చెప్పక్కరలేదు. మా ఆయన నన్నూ అతన్నీ చూసి బిగుసుకుపోయాడు. నేను పోయి ర్యాకులకు అడ్డంగా నిలబడ్డాను.

"ఎత్తుకపోయేది ఏం లేదు తమ్మీ. ఈ దుకాణం అమ్ముతలేం."

"నవనీతా, ఆగు," మా ఆయన గొంతు తగ్గించాడు. "సదానందం ఇంకా రాలే. వస్తడో రాడో. గీయన గూడ పోతే కరుణాకర్ సార్ నీ షట్టర్ గా సెల్‌ఫోనాయనకు ఇచ్చేస్తడు."

"ఇయ్యనీ. నీ దుకాణం ఊడగొట్టి నేను దుకాణం పెట్టుకుంటనా? ఇంకో ఏడాది హాల్లనే కూసుంట. నువ్వు వంటింట్ల నిలబడే తిను."

హరీష్‌కు కోపం వచ్చింది. "కిరాయి పెట్టి బండి తెచ్చిన అన్నా. బోణి టైముల ఉత్త చేతులతోటి పంపుతున్నవ్. నువ్వేనా?"

మా ఆయన చేయి అలవాటుగా అగ్గిపెట్టెల మీదికి పోయింది. "గీ అగ్గిపెట్టె అన్న తీస్కో తమ్మీ. రూపాయి."

"నీ అగ్గిపెట్టె నాకెందుకన్నా?" అని హరీష్ బండెక్కి పోయాడు. బండి బస్టాండు మలుపు తిరిగేదాకా మా ఆయన అగ్గిపెట్టె పట్టుకొని అట్లాగే చూశాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి బోణి గిరాకి ఉత్త చేతులతో పోయాడు. నాకే భయం వేసింది.

"పరేషాన్ అయితున్నవా?" అన్నాను.

"లేదే" అన్నాడు. అగ్గిపెట్టెను దాని చోట పెట్టేసి, "పోయిండు గద, పాణం మంచిగనిపిస్తుంది" అన్నాడు. గల్లా పెట్టె మీద చేయి వేసి నిమిరాడు. "నీకెట్ల ఎర్క?"

"కరుణాకర్ సార్ నోట్ల నువ్వుగింజ నానది."

ఇద్దరం కలిసి అగరుబత్తి వెలిగించాం.

అప్పుడొచ్చింది సదానందం స్కూటరు, వెనక కోమల. దిగీ దిగకముందే, "ఇయ్యాల బోణి నాదే గద?" అన్నాడు.

"కాదన్నా. ఒకాయన వచ్చి పోయిండు" అన్నాడు మా ఆయన. "ఉత్త చేతులతోటి."

సదానందం మా ఆయన నుదుటి మీద చేయి వేసి జ్వరం ఉందేమో చూశాడు. కోమల వాళ్లాయన్ను పక్కకు జరిపి విషయం చెప్పింది. ప్లాటు పోయింది. మాపటికి రమ్మన్నందుకు ఆ మొదటి గిరాకే రేటు పెంచుకొని వచ్చాడట. నలభై నాలుగూ సిద్ధం. ఆమె కొంగులోంచి బయానా తీసి మా ఆయన వైపు చాపింది.

ఆయన చేయి లేచింది. సగంలో ఆగింది. "గిది ఆమె షట్టరుది. ఆమె చేతుల పెట్టు చెల్లె" అన్నాడు.

నేను తీసుకున్నాను. తీసుకొని, సిగ్గు లేకుండా, నడిబజార్లో ఏడ్చాను. కోమల కంగారుపడి నా భుజం పట్టుకుంది. "ఇల్లు పోతుందని ఏడుస్తున్నవా అక్కా? ఎప్పుడంటే గప్పుడు రా. నీ ఇల్లే గద" అంది. ఏడ్చేది ఇంటికోసం కాదని నేనామెకు చెప్పలేదు. మా ఆయనకు తెలుసు. ఆయన బెల్లం దిమ్మ పగలగొట్టి తలా ఒక ముక్క చేతిలో పెట్టాడు, పైసలు అడగలేదు.